నర్సవ్వ ముక్కు

రాయదుర్గంలో ఎవరింట్లో ఏ కూర ఉడుకుతున్నదో గుమ్మం బయటినుంచే చెప్పగల మనిషి నర్సవ్వ. చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు చేసి పోయింది. ముక్కును మాత్రం వదిలేసింది. మళ్లీ తన జోలికి రాదన్న ధీమాతో, మశూచి సోకిన ఏ ఇంటికైనా వేపకొమ్మ పట్టుకుని తనే ముందు నడుస్తుంది. పందొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండాకాలంలో, ఆ వీధిలో కిరాయికున్న కాబూలీ ఇంగువ వ్యాపారి జమాల్‌ఖాన్ కొడుక్కి ఒళ్లంతా పొక్కులు లేచాయి. నర్సవ్వ టీకాలవాళ్లకు కబురంపి, గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంటింటికీ తిరిగింది. అమ్మవారున్న వీధిలో పోపు ఘాటు లేవకూడదని అక్కడి కట్టుబాటు.

"పిల్లగాని తలకు నీళ్లు పోసేదాక ఎవ్వరు పోపు పెట్టకుండ్రి."

"ఆళ్లది పరాయి దేశం. ఆళ్లింటికి మన అమ్మెందుకొస్తదవ్వా?" అన్నాడు ఎదురింటి లింగమూర్తి.

"దేశమడిగి వస్తదా అమ్మ? పప్పు చప్పగ తింటె సస్తవా?"

ఇరవై రోజులు వీధంతా చప్పటి పప్పే తిన్నది. నర్సవ్వ ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ముక్కు ఎగబీల్చి, ఆపైన తెలుగు రాని ఆ తల్లి పక్కన కూర్చుని, కళ్లు తెరవని పిల్లవాడికి వేపరెమ్మతో విసిరేది. చివరికి పొక్కులు ఎండి రాలాయి. వాడు లేచి కూర్చుని రొట్టె అడిగాడు. పసుపునీళ్లు పోసిన పొద్దునే జమాల్‌ఖాన్ ఇంటింటికీ ఇంత ఇంగువ పంచాడు. మధ్యాహ్నం నర్సవ్వ అరుగు మీద కళ్లు మూసుకుని కూర్చుంది. మొదట చుయ్యిమన్నది లింగమూర్తి ఇంట్లోనే. తర్వాత వరసగా వీధంతా. ఏ పోపు ఎవరిదో ఆ ఒక్క రోజు నర్సవ్వ చెప్పలేకపోయింది. అన్ని ఇళ్లదీ ఒకటే వాసన.