అడిగిన చేతులు

మలుపు దగ్గర కనోయె హారన్ కొట్టి, వేగం తగ్గించి, చెవి రిక్కించింది. అవతలి నుంచి జవాబు రాలేదు. కారు కొండను రాసుకుంటూ తిరిగింది. ఎడమ పక్క, చాలా కింద, సముద్రం తెల్లగా విరిగి పడుతోంది. ఆమె అటు చూడలేదు, అద్దంలో వెనక సీటు చూసింది. ఏడాది నిండబోతున్న నైనోవా బెల్టుల మధ్య మేలుకునే ఉన్నాడు.

"రోడ్డు చూడమ్మాయ్. వాడెక్కడికీ పోడు," అంది పక్కనున్న అత్తగారు హౌనాని.

పోతాడనే కనోయె భయం. కిందటి నెల హౌనాని కహులుయిలో వాళ్లింటికొచ్చి, చేపల పులుసుతో భోంచేసి, ఉప్పు అడిగినంత మామూలుగా అడిగింది: "మీ తొలివాణ్ణి నాకివ్వు. నేను పెంచుకుంటా." తొలి మగబిడ్డ నాన్నమ్మ తాతల దగ్గర పెరగడం హౌనాని వాళ్ల ఊరు హానా వైపు కుటుంబాల్లో పాత అలవాటే. హౌనాని కూడా కన్నతల్లి దగ్గర పెరగలేదు. అలా అడగడం బిడ్డకు గౌరవం. కాదంటే మాత్రం ఆ బిడ్డకు జబ్బు చేస్తుందంటారు. నోరు తెరిచి కాదన్నవాళ్లు కనోయె ఎరిగినంతలో లేరు.

భర్త కావిక, "మా అమ్మకు నువ్వే చెప్పు, నా వల్ల కాదు," అని రేవులో డ్యూటీ సాకు చూపి తప్పుకున్నాడు. ఇవాళ హౌనాని కహులుయిలో సామాన్లు కొనుక్కుని తిరిగి వెళ్తుంటే, దిగబెట్టే పని కనోయె మీద పడింది. హానా చేరేలోగా చెప్పాలి.

కనోయె లారీ డ్రైవర్ కూతురు. కెమిస్ట్రీ చదివి, వాగుల నీళ్లూ కుళాయి నీళ్లూ పరీక్షించే ల్యాబులో చేస్తోంది. జబ్బు ఎందుకొస్తుందో ఆమెకు తెలుసు. అయినా బిడ్డ పుట్టిన నాటినుంచి నిద్రలో వాడి ఛాతీ మీద చెయ్యి వేసి, ఊపిరి ఆడుతోందా అని చూసుకోని రాత్రి లేదు. హ్యాండ్‌బ్యాగులో తాళాలు లేకపోయినా థర్మామీటర్ ఉంటుంది.

"మీ మామయ్య తొట్టి మంచం బిగించేశాడు. రంగు కూడా వేశాడు," అంది హౌనాని.

"ఏం రంగు?"

"పచ్చ. కొట్లో అదే మిగిలిందట. వాడు పడుకుంటే అరటాకులో చుట్టిన చేపలా ఉంటాడు."

కనోయెకు నవ్వు రాలేదు. ముందు ఒంటి వరస వంతెన వచ్చింది. అవతలి నుంచి కార్లు బారుగా వస్తున్నాయి. ఆగింది. ఆగాక ఇంక చేతులకు పని లేదు.

"అత్తయ్యా, వాణ్ణి ఇవ్వలేను."

హౌనాని తల తిప్పలేదు. వంతెన దాటిన ప్రతి కారులోంచి బొటనవేలూ చిటికెనవేలూ చాచి కృతజ్ఞత చెబుతున్నారు. ఆమె ఒక్కొక్కరికీ చెయ్యెత్తి జవాబిస్తోంది. ఆఖరి కారు వెళ్లిపోయాక కూడా ఆ చెయ్యి కాసేపు గాలిలోనే ఉంది.

"దారి వచ్చింది. పోనీ," అంది.

వాన మొదలైంది. మరో రెండు మలుపులు తిరిగారో లేదో, వెనక నుంచి చిన్న మూలుగు వినిపించింది. నైనోవా తాగిన పాలన్నీ కక్కేశాడు. ముఖం పాలిపోయి, మెడ పక్కకు వాలింది.

మలుపులు, కడుపు నిండా పాలు, అంతే, అనుకుంది కనోయె. కారు తిప్పుడు, ఇంకేమీ కాదు. అనుకుంటూనే అద్దంలోకి మళ్లీ మళ్లీ చూసింది. అత్తగారికి కాదని చెప్పింది ఇప్పుడే. ఇప్పుడే.

"ఆపు," అంది హౌనాని.

తర్వాతి వంతెన దాటగానే కొండ పక్కన కాస్త ఖాళీ ఉంది. కనోయె ఆపి, వెనక్కి పరుగెత్తి, బిడ్డను ఎత్తుకుంది. ఒళ్లు చల్లగా చెమట పట్టింది. హౌనాని చెప్పులు కారులోనే వదిలి, జామ కొమ్మలు పట్టుకుని వాగులోకి దిగుతోంది.

"ఎక్కడికి అత్తయ్యా?"

"నీళ్లకి."

కనోయెకు అర్థమైంది. అడిగిన మాట కట్టును బిడ్డ మీద నుంచి విడుదల చేసేటప్పుడు పెద్దవాళ్లు పారే నీళ్లు వాడతారు. కానీ అడవి పందులు తిరిగే వాగు నీళ్లలో ఏముంటాయో ఆమె రోజూ చూస్తుంది. ఆ నీళ్లు బిడ్డ ముఖం మీద పోయనివ్వాలా? పోయనివ్వకపోతే మాట విడుదల కాకుండా ఉండిపోతుందా?

అప్పుడు చూసింది. అద్దంలా ఉన్న వాగు టీ రంగుకు తిరిగింది. ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయి. పైన కొండలో కుండపోతగా కురిసిందన్నమాట. హౌనాని వాగు నడిమి రాయి మీద వంగి, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతోంది.

కనోయె పిలిచింది. వాగు హోరులో మాట చేరలేదు. బిడ్డను చంకన పెట్టుకుని దిగలేదు, దింపి వెళ్లలేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి హారన్ మీద బలమంతా వేసింది.

హౌనాని విసుగ్గా తలెత్తి అరిచింది. "ఏ బండొస్తోందని ఆ మోత?"

"నీళ్లొస్తున్నాయి. పైకి రా," అని ఎగువకు చెయ్యి చూపిస్తూ కనోయె కేక పెట్టింది.

హౌనాని ఎగువకు ఒక్కసారి చూసి, వయసు మరిచి కొమ్మలు పట్టుకుని ఎగబాకింది. కనోయె కిందికి చాచిన చెయ్యి అందుకుని రోడ్డు మీదికి వచ్చి పడింది. వెనక్కి చూసేసరికి ఆమె నిలబడ్డ రాయి లేదు. మట్టి నీళ్లు వంతెన గోడలను గుద్దుతున్నాయి.

ఇద్దరికీ ఆయాసం తీరడానికి చాలాసేపు పట్టింది. హౌనాని చేతుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె బిడ్డ వైపు చెయ్యి చాచబోతే కనోయె అడుగు వెనక్కి వేసింది.

"ఆ నీళ్లు వాడికొద్దత్తయ్యా. కోప్పడకు."

"వాడికెందుకు? అడిగిన చేతులు నావి. కడుక్కోవలసింది నేను," అంటూ హౌనాని తడి చేతులు లంగాకు తుడుచుకుంది. "కడిగేశాను. నా మాట వాడి మీద లేదు, నీ మాటా లేదు. నువ్వు హారన్ కొట్టకముందే అయిపోయింది."

కనోయె వాడి నుదురు పెదాలకు ఆనించుకుంది. చెమట ఆరుతోంది. వాడు కళ్లు తెరిచి నాన్నమ్మ తడి జుట్టును అందుకోబోయాడు.

"వీడి నాన్నా ఇక్కడే కక్కేవాడు. ప్రతిసారీ," అంది హౌనాని.

"ముందే చెబితే ఏం పోయింది?"

"నేనూ భయపడ్డానమ్మాయ్."

మిగతా దారి హౌనాని వెనక సీట్లో, బిడ్డ పక్కన కూర్చుంది. ప్రతి మలుపుకూ వాడి తల అరచేత్తో పట్టుకుంది. కనోయె అద్దంలోకి చూడటం తగ్గించి రోడ్డు చూసింది. హానాలో తొలి ఇళ్లు కనబడుతుండగా వెనక నుంచి గొంతు వినిపించింది, ఈసారి అడుగుతున్నట్టు లేదు, ఆశపడుతున్నట్టుంది.

"ఇవాళ రాత్రికి మాత్రం ఆ పచ్చ మంచంలో పడుకోబెట్టు. మీ మామయ్య రంగు వేసి వేళ్లు కూడా కడుక్కోలేదు."

"పడుకోబెడతా," అంది కనోయె. "పక్కన నేనూ పడుకుంటా."