పిన్ని లారీకి పెట్టిన ముహూర్తం

మా పిన్ని పోయిందన్న కబురు చుట్టాల నుంచి రాలేదు. ఒకప్పుడు ఆవిడ లారీకి అడ్డంగా నిలబడ్డ యూనియన్ నాయకుడే పొద్దున్నే ఫోన్ చేశాడు. "దీదీ వెళ్ళిపోయారు" అని బెంగాలీలో ఒక్క మాట అని, ఫోన్లోనే ఏడ్చాడు. కలకత్తా వాట్‌గంజ్‌లో పిన్ని ఇంటికి రెండు వీధుల అవతలే ఆయన ఇల్లు. నేను వెళ్ళేసరికి గుమ్మం ముందు వచ్చినవాళ్ళ చెప్పులు వరసగా సర్దుతున్నాడు. ఏదైనా చెల్లాచెదురుగా ఉంటే పిన్నికి నచ్చదని ఆయనకు తెలుసు.

రేవు పక్కన ఓడలు బాగుచేసే ఒక పాత కంపెనీలో రికార్డు సెక్షన్‌కి పిన్ని పెద్ద. నేను అదే ఆఫీసులో టైపిస్టుని. పిన్ని వల్లే నాకు ఉద్యోగం వచ్చిందని అందరూ అనేవారు. నిజమే, కానీ నన్ను అందరికంటే గట్టిగా తిట్టిందీ ఆవిడే. ఒకసారి మర్చిపోయి ఆఫీసులో "పిన్నీ" అన్నాను. "ఓలే, పిన్ని ఇంటికాడుంది. ఆదివారం రా, కనిపిస్తాది" అంది తలెత్తకుండా.

ఎర్రజెండాల ప్రభుత్వం నడుస్తున్న రోజులవి. కంపెనీ మూతపడింది. గేటు బయట కార్మికులు టెంటు వేసుకుని కూర్చున్నారు. భవనం ఖాళీ చేసేలోగా కాగితాలను, పాత రికార్డులు భద్రపరిచే ప్రభుత్వ ఆర్కైవ్స్‌కి అప్పగించే పని పిన్నికి ఇచ్చారు. అక్కడి నుంచి ఒక బెంగాలీ అధికారిణి వచ్చి చూసింది. ఓడల నక్షాలు, డైరెక్టర్ల మీటింగు పుస్తకాలు తీసుకుంటామంది. గోడౌన్ నిండా ఉన్న కార్మికుల సర్వీసు ఫైళ్ళకు మాత్రం చోటు లేదంది. అంటే అవి చిత్తుకాగితాల కింద తూకానికి పోతాయి. ఆ రోజు పిన్ని అన్నం సరిగ్గా తినలేదు. "ఓడల బొమ్మలు ఆర్కైవ్స్‌కెల్తాయి, ఓడలు బాగుచేసినోల్లు తూకానికెల్తారు. ఇదేటి నాయమే?" అని నన్ను నిలదీసింది, చోటు లేదన్నది నేనే అయినట్టు. అయినా పైవాళ్ళ మాట కాదనలేక, తీసుకుంటామన్నవాటినే మూటలు కట్టించింది.

మూట కట్టడంలో ఆవిడకో పట్టింపు ఉంది. ఎర్రగుడ్డలో ఎండిన వేపాకు చల్లి, ఫైళ్ళు పేర్చి, పైన ముడి వేయాలి. కొస పట్టుకుని ఒక్కసారి లాగితే ముడి విడిపోవాలి. నేను బిగించి కడితే మళ్ళీ విప్పించేది. "దాచడానికి కాదే కడతన్నాం. రేపెవులో ఇప్పాల" అనేది.

ఇక లారీ సంగతి. గడియ చూడకుండా ఏ పనీ మొదలుపెట్టే మనిషి కాదు మా పిన్ని. కొత్త చీపురు కొనడానికి కూడా వర్జ్యం చూసేది. పంచాంగం తిరగేసి, తెల్లవారకముందే మంచి గడియ, తర్వాత రోజంతా బాగోలేదని తేల్చింది. చీకటి విడకముందే మూటలన్నీ ఎక్కించి, పిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు లారీ ముందు కొబ్బరికాయ కొట్టింది. ఆ చప్పుడుకే టెంటులో పడుకున్నవాళ్ళు లేచారు. చీకట్లో కాగితాలు గేటు దాటుతుంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? తాము పనిచేసిన ఆనవాళ్ళే లేకుండా చేస్తున్నారనుకున్నారు. చూస్తుండగానే లారీ చుట్టూ జనం, నినాదాలు.

నేను లారీ వెనక్కి తప్పుకున్నాను. పిన్ని మాత్రం కొబ్బరిచిప్ప చేత్తో పట్టుకునే ముందుకు నడిచింది. "తప్పు నాదే. ముహూర్తం చూసుకున్నాను గానీ మీకు చెప్పలేదు" అని బెంగాలీలో చెప్పింది.

యూనియన్ నాయకుడు తెల్లబోయాడు. "కంపెనీ కాగితాలకు ముహూర్తమా, దీదీ?"

వెనక ఎవరో నవ్వారు. అయినా మూటలన్నీ దించమన్నాడు. ఒక్కొక్కటే చూసి, "మరి మావి ఏవి?" అని అడిగాడు.

పిన్ని ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు. "మీవి వద్దన్నారు. గోడౌన్లో ఉన్నాయి, తూకానికి పోతాయి" అంది. నినాదాలు ఆగిపోయాయి. "అవి ఎక్కకుండా ఈ లారీ కదలదు" అని, కొంగు నడుముకి దోపి, లారీ ముందు చతికిలబడింది.

అధికారిణి వచ్చేసరికి ఎండెక్కింది. ఆవిడ మంచి మనిషి. ఫైళ్ళ దుమ్ము దులిపి, తుప్పు పట్టిన గుండుసూదులు తీసి, జాబితాతో సహా ఇస్తే ఎలాగో చోటు సంపాదిస్తానంది. "కానీ అంత పనికి మనుషులేరీ?" అని అడిగింది. పిన్ని గేటు వైపు చెయ్యి చూపించింది. పని పోయి కూర్చున్నవాళ్ళంతా అక్కడే ఉన్నారు.

ఆ వర్షాకాలమంతా రేకుల షెడ్డులో గుండుసూదులు తీశాం. సమ్మెటలు పట్టిన చేతులు కాగితం చిరగకుండా సూది లాగుతుంటే పిన్ని వెనకే తిరుగుతూ "ఆస్తే, ఆస్తే" అని బెంగాలీలో నెమ్మదిగా తీయమని చెప్పేది. ఎవరి ఫైలు దొరికినా పని ఆగిపోయేది. అందరూ ఫొటో చుట్టూ చేరి అప్పటి మీసాన్ని వెక్కిరించేవారు. కంపెనీ నడిచిన రోజుల్లో కూడా నేను అంత నవ్వు వినలేదు.

లారీ మళ్ళీ బయల్దేరిన రోజు ముహూర్తం నాయకుడే తెచ్చాడు. ఇలాంటివి నమ్మనని సభల్లో చెప్పే మనిషి, వాళ్ళమ్మ పంచాంగం చూసి మరీ వచ్చాడు! "ఈసారి మాత్రం పట్టపగలు, దీదీ" అన్నాడు. కార్మికుల ఫైళ్ళే ముందు ఎక్కాయి. పిన్ని కొబ్బరికాయ ఆయన చేతే కొట్టించింది.

దినాలయ్యాక ఆయనా నేనూ ఆర్కైవ్స్‌కి వెళ్ళాం. పిన్ని చేతి మూట ఒకటి చూడాలనిపించింది. "కాసేపు ఆగండి, ఆ అమ్మాయి చూస్తోంది" అన్నాడు అటెండరు. కిటికీ పక్క బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి ఉంది. కాలేజీ పిల్ల ఒకతె ఫైళ్ళలోంచి కార్మికుల ఊళ్ళ పేర్లు రాసుకుంటోంది. వాటిలో మా శ్రీకాకుళం వైపు ఊళ్ళూ ఉండే ఉంటాయి. మేం కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. ఆయన నా వైపు వంగి, "మంచి గడియలోనే వచ్చాం కదా?" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ పిల్ల పని ముగించుకుని, ఫైళ్ళు పేర్చి, రాలిన వేపాకు పొడిని అరచేత్తో మళ్ళీ లోపలికే తోసి, గుడ్డ మడిచింది. గట్టిగా ముడి వేయబోతుంటే అటెండరు వారించి, ఎలా వేయాలో చూపించాడు. ఆ పిల్ల విప్పి మళ్ళీ కట్టింది, కొస ఒకటి బయటికి వదిలి.