ఐదు మీటర్ల బేరం

ఉత్తరధ్రువం దరిదాపుల్లో బోరు వేసేవాడితో బేరమాడి గెలిచిన పావగడ మనిషి, నాకు తెలిసి, నేనొక్కదాన్నే. పదిహేను మీటర్లు దించాలన్నవాణ్ణి పది దగ్గరే ఆపించాను. మిగిలిన సొమ్ముతో మంచు లోతు కొలిచే పరికరం ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాను. ఆ సాయంత్రం గుడారంలో కూర్చుని, మా మామ చూసి ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనుకుంటూ రెండు కప్పుల టీ తాగాను.

ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల ఎంత చల్లగా ఉందో కొలవడం నా పని. సన్నటి బోరు వేసి, మీటరుకొకటి చొప్పున సెన్సర్లు కట్టిన తీగను అందులో దించుతాం. పైన పడే మంచునూ కొలుస్తాం. మంచు ఎంత పడితే నేల అంత చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మందంగా పడితే అది నేలకు కంబళి అవుతుంది. చలిని లోపలికి పోనివ్వదు.

నన్ను పెంచింది నాగలమడిక దారిలో మా మామ అంగడి. పైపులు, మోటారు వైర్లు, మోకులు అమ్మేవాడు. అక్కడ నేను నేర్చుకున్న మొదటి పాఠం, బోరు బండివాడి మాట నమ్మకూడదని. వాడికి అడుగు లెక్కన కూలి, లోతుకు పోయేకొద్దీ రేటు పెరుగుతుంది. అందుకే ఎప్పుడడిగినా ఇంకో యాభై అడుగులు పోతే నీళ్లున్నాయంటాడు. రాయచెర్లులో మామకున్న నాలుగెకరాల్లో మూడుసార్లు ఆ మాట విన్నాడు. మూడుసార్లూ దుమ్మే లేచింది.

కనుక అక్కడి బోరు మనిషి డ్రిల్లు చప్పుడు కాసేపు విని, కింద నేల తీరు బాగాలేదు, ఇంకో ఐదు మీటర్లు పోయి చూద్దాం అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. పాలపళ్లు ఊడక ముందు నుంచీ నాకు తెలిసిన మాట అది. చాలు, ఆపమన్నాను. ఆయన నన్నొకసారి చూసి ఇంజను ఆపేశాడు.

మా బోరుకు దగ్గరున్న ఊళ్లో ఒకావిడ ఉంది. నేను అక్కా అని పిలుస్తాను. వాళ్లు ఏడాదికి సరిపడా మాంసాన్ని గడ్డకట్టిన నేలలో తవ్విన గుంతలో దాచుకుంటారు. వాళ్లకు అదే ఫ్రిజ్జు, అదే బ్యాంకు. ఏటి ఒడ్డున ఉన్న పాత గుంత పైకప్పు కారడం మొదలైతే, కొత్తది ఎక్కడ తవ్వుకోవాలని నన్ను అడిగింది. సెన్సర్ల కొలతలతో గీసిన నా గీత చూపించి, మా బోరు పక్కనే తవ్వుకోమన్నాను. ఆ గీతలో తొమ్మిది చుక్కలు, తొమ్మిదీ మంచి చలిలో ఉన్నాయి.

తీగకు పది సెన్సర్లున్నాయి. అన్నిటికన్నా కిందిది, పదోది, పైవాటికన్నా కొంచెం వెచ్చగా చూపేది. ఆ తీగ నేను గీచి గీచి బేరమాడి సగం ధరకు తెచ్చింది. సరుకులో లోపమనుకున్నాను. చెనిక్కాయల్లో పుచ్చిన కాయ ఏరేసినట్టు ఆ చుక్కను గీతలోంచి ఏరేశాను.

ఈ ఎండాకాలం సెలవుకు మామ దగ్గరకు వచ్చాను. ఇప్పుడు పైపులు అడిగేవాళ్లు లేరు. రాయచెర్లు నేలంతా సోలార్ ప్యానెళ్ల కిందికి పోయింది. మామ ఎకరాలూ, నోళ్లకు బండలు కప్పిన ఆ మూడు బోర్లూ వాటి కిందే ఉన్నాయి. కౌలు వస్తోంది. ప్యానెళ్లు కడిగే ఆడవాళ్లకు మామ పొడుగు కర్రల బ్రష్షులు అమ్ముతున్నాడు. మధ్యాహ్నం అంగట్లోంచి చూస్తే ఆ ప్యానెళ్లు నిండిన చెరువులా మెరుస్తాయి. ఒక కొంగ చాలాసేపు వాటి మీద తిరిగింది. దిగలేదు, వెళ్లిపోనూ లేదు.

అప్పుడే అక్క నుంచి ఫోటో వచ్చింది. కొత్త గుంత అడుగున నీళ్లు. గోడలు పొడిగానే ఉన్నాయి, పైకప్పూ పొడిగానే ఉంది. నీళ్లు అడుగు పగుళ్లలోంచి, కిందినుంచి ఊరాయి. గల్లా పక్కనే లాప్‌టాప్ తెరిచి, పారేసిన పదో చుక్కను మళ్లీ పెట్టి చూశాను. మూడేళ్లుగా మెట్టు మెట్టుగా ఎక్కుతూ వచ్చింది. పోయిన నెల సున్నా దాటింది. మేమందరం నేల పైనుంచి కరుగుతుందని పైకే చూస్తున్నాం.

ఏమైందని మామ అడిగితే మొదటినుంచీ చెప్పాను. బ్రష్షు బేరమాడుతున్న ఆవిడ కూడా బేరం ఆపి విన్నది.

"ఆ బోరు ఆయప్పకి అడుగు లెక్కనా ఇచ్చేది?" అన్నాడు మామ.

"లేదు మామా, నెల జీతం. నేను మిగిల్చింది బండి బాడుగ, డీజిలు."

"ఇంకా లోతుకు పోతే ఆయప్పకి ఏం వస్తాది?"

"ఏమీ రాదు."

"మరి అబద్ధం యాల చెప్తాడు పాపా?"

లాప్‌టాప్ తెర ఆయన వైపు తిప్పాను. పదో దాన్ని ఎందుకు తీసేశావని అడిగాడు. చౌకగా వచ్చింది కాబట్టి చెడిపోయిందనుకున్నానని చెప్పాను.

"చౌకగా వచ్చిందంతా చెడు సరుకైతే, ఇన్నేండ్లు ఈ అంగడి ఎట్ల నడిచిందనుకున్నావు?"

"సదువుకున్నోళ్లు నేలతో కూడా బేరం చేస్తారప్పా," అని బ్రష్షు కొనే ఆవిడ మామతో అని, తానడిగిన ధరకే బ్రష్షు తీసుకుని వెళ్లిపోయింది.

"ఆ గుంత ఆయమ్మకి చెప్పినావా?" అన్నాడు మామ. ఇంకా లేదన్నాను. ఆయన స్టూలు నా వైపు జరిపాడు.

కూర్చుని, సెన్సరు మీద అనుమానం ఉండేదని మొదట అక్కకు రాశాను. చెరిపేశాను. సెన్సరు మూడేళ్లుగా నిజమే చెప్తోందనీ, నేనే దాన్ని తీసేశాననీ, మాంసం ఈరోజే బయటికి తీయించమనీ రాశాను. అక్క తిట్టలేదు. తమ తర్వాత నా గీత చూసి ఇంకో నాలుగిళ్లవాళ్లు అక్కడే తవ్వుకున్నారని, వాళ్లవీ ఖాళీ చేయించాలా అని అడిగింది. కింద కరిగిన నేల ఎంత మందం ఉందో, ఎటు సాగుతోందో తెలిస్తే చెప్పొచ్చు. నా బోరు పది దగ్గర ఆగిపోయింది. నాకు తెలియదు, ఖాళీ చేయించండి అని రాశాను.

ఇక లెక్క. మిగిలింది ఒక రోజు బండి బాడుగ, దానికి పట్టే డీజిలు. ఆ సొమ్ముతో కొన్న మంచు పరికరం రెండో చలికాలానికే ఆగిపోయింది, అది మాత్రం నిజంగా చెడు సరుకే. పోయింది అక్క ఇంటి ఏడాది మాంసం. సగం కుక్కలకు వేశారు, సగం పారేశారు. మిగతా నాలుగిళ్లవాళ్లు దాచుకోవడానికి చోటు లేక బంధువుల ఇళ్లకు మోశారు. అందులో ఎంత నిలిచిందో నేను అడగలేదు. పదో సెన్సరు ఇంకా పనిచేస్తోంది. ఈ వారం తొమ్మిదోది కూడా వెచ్చబడింది.