మెడ తిప్పవే పిల్లా

మొన్న లైప్‌జిగ్‌లో స్టేషన్ దగ్గరి సిగ్నల్ పడి ఆగాను. ఎండగా ఉందని కారు కిటికీ అద్దం దించాను. పెట్రోలులో ఆయిల్ కలిసి కాలే వాసన గుప్పుమని లోపలికి వచ్చింది. హనుమకొండలో మా నాన్న పొద్దున్నే పాత స్కూటరుకు కిక్కు కొట్టగానే వాకిలంతా కమ్ముకునే నీలం పొగ వాసన, అచ్చం అదే. పక్కకి చూస్తే లేత నీలం రంగు ట్రాబి. ఒకప్పటి తూర్పు జర్మనీలో తయారైన చిన్న కారు అది. అగ్గిపెట్టెకి చక్రాలు బిగించినట్టు ఉంటుంది, సత్తుగిన్నెలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు చేస్తుంది. కారులో నేను తప్ప ఇంకెవరూ లేరు. అయినా "ట్రాబి!" అని గొంతు చించుకుని అరిచాను. పక్కన సైకిలు మీదున్న కుర్రాడు ఉలిక్కిపడి నావంక అదోలా చూశాడు. అతనికేం తెలుసు, ముందు అరిచినవాళ్లదే గెలుపని! ఆ నియమం నాకు నేర్పింది రెనాటె అత్తయ్య.

పేరు చూస్తేనే తెలుస్తుంది, ఆవిడ జర్మన్. కానీ నాకంటే మంచి తెలుగు మాట్లాడేది. ఈ మాట నేను అనడం కాదు, ఆవిడే నా మొహం మీద చాలాసార్లు అన్నది. నేను జర్మనీకి పడమటి వైపున్న జీగెన్ అనే ఊళ్లో చదువుకోవడానికి వచ్చినప్పుడు వాళ్లింట్లో పైభాగం అద్దెకి తీసుకున్నాను. కింద ఆవిడా, డాక్టర్ మామయ్యా ఉండేవారు. మామయ్యది కాకినాడ. అరవైల్లో ఈ దేశం వచ్చి, ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న ఈవిడను పెళ్లి చేసుకుని ఇంటికి తీసుకువెళితే, వాళ్లమ్మగారు కోడలికి హారతిచ్చి నేరుగా వంటింట్లోకి తీసుకుపోయి కొన్ని నెలలపాటు బయటికి వదల్లేదట. అక్కడ పట్టుబడిన తెలుగు అది. ఆ తరువాత దానికి కొత్త మాట ఒక్కటీ ఎక్కలేదు. కారుని మోటారు అనేది, ఫ్రిజ్‌ని ఐసు పెట్టె అనేది. తిట్లు మాత్రం పుష్కలంగా వచ్చు, అన్నీ అత్తగారివే.

వెళ్లిన మొదటి వారంలోనే మాకు చెడింది. ఈ దేశంలో కాగితాలకి ఒక డబ్బా, ప్లాస్టిక్‌కి ఒకటి, కూరగాయ తొక్కలకి ఇంకొకటి. అర్థంకాక కిందికి వెళ్లి, "అత్తమ్మా, టీ పొడి ఏ డబ్బల ఎయ్యాలె?" అని అడిగాను.

"అత్తమ్మ ఏమిటే? అత్తయ్యగారూ అనాలి. ఎయ్యాలె కాదు, వెయ్యాలి."

"మాది వరంగల్ దిక్కు అత్తమ్మా. మేం గిట్లనే మాట్లాడ్తం."

"అయ్యో రాత! మా అత్తగారు బతికుంటే నిన్ను నెల్లాళ్లలో బాగుచేసేది."

తెలుగు గడ్డ మీద పుట్టి పెరిగిన నన్ను ఒక తెల్లావిడ తెలుగులో దిద్దడమా! నాకు ఒళ్లు మండిపోయింది. మా తాతల కాలం నుంచి మాట్లాడుతున్న మాటని తప్పనడానికి ఈవిడెవరు? ఆవిడ వెనక తలుపు చాటు నుంచి మామయ్య నాకు చేత్తో సైగ చేశాడు, ఊరుకో తల్లీ, నన్నూ ఇలాగే దిద్దుతుంది అన్నట్టు. పంతం పట్టి ఆవిణ్ణి అత్తమ్మా అనే పిలిచాను. ఆవిడ కూడా పంతం పట్టి పిలిచిన ప్రతిసారీ దిద్దింది.

ఏటా డిసెంబరులో వాళ్లు కుటుంబంతో ఇండియా వెళ్లేవారు. కాకినాడ దారిలో వాళ్లకి ఒక ఆట ఉండేది. రోడ్డు మీద అంబాసిడర్ కారు కనబడగానే ఎవరు ముందు అరిస్తే వాళ్లు గెలిచినట్టు. కారు నడుస్తూ ఉండాలి. ఇంటి ముందు ఇటుకల మీద నిలబెట్టి గొడుగులా బీరపాదు పాకించినవి లెక్కలోకి రావు. మామయ్య తెల్లగా కనబడ్డ ప్రతిదానికీ అరిచేవాడట, ఒకసారి ఆవుకి కూడా. గెలిచేది ఎప్పుడూ అత్తయ్యే. ఏడాదికేడాది అంబాసిడర్లు తగ్గిపోతుంటే ఆవిడకి దిగులుగా ఉండేదట. "మా అత్తగారు నన్ను ఎక్కించుకుని తిప్పిన మోటారు అదే కదే" అనేది.

అంతలో కోవిడ్ వచ్చింది, విమానాలు ఆగిపోయాయి. మామయ్య హాల్లో పెట్టె తెరిచి పెట్టుకుని, ఇదిగో ఎగురుతాయి, అదిగో ఎగురుతాయి అంటూ వార్తలు చూస్తూ కూర్చున్నాడు. ఆ పెట్టెకి తట్టుకుని అత్తయ్య ఒకసారి పడబోయింది. రెండో వేసవికి ఆవిడ ఓపిక అయిపోయింది.

"ఏవండీ, యాభై ఏళ్లు మీ దేశం వెళ్లాం. ఈసారి మా దేశం పోదాం. దానికి విమానం అక్కర్లేదు."

ఆవిడ దేశమంటే లైప్‌జిగ్ పక్కన ఒక పల్లె. బెర్లిన్ గోడ కట్టకముందే, ఆవిడ పదహారేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, తల్లిదండ్రులు తలొక సంచీతో పడమటి వైపు వచ్చేశారు. వాళ్ల నాన్న అప్పటికే ట్రాబి కోసం పేరు రాయించి ఉన్నాడట. వంతు రాకుండానే వచ్చేశారు. "మా వంతు ఎప్పుడో వచ్చే ఉంటుంది. మా మోటారు ఏ వెధవ తోలుతున్నాడో!" అని ఇన్నేళ్ల తరువాత కూడా ఆవిడకి కోపమే. ఆ ఊరి రోడ్ల మీద ట్రాబి కోసం వెతుకుదామని ఆవిడ ఆశ.

ఇక్కడ నా డ్రైవింగ్ సంగతి చెప్పాలి. హైదరాబాదులో హాయిగా కారు నడిపినదాన్ని, ఇక్కడ పరీక్షలో తప్పాను. మూడు అద్దాలూ చక్కగా చూశాను. మెడ తిప్పి భుజం మీదుగా వెనక్కి మాత్రం చూడలేదు. మన దగ్గర వెనక వచ్చేవాడు హారన్ కొడతాడు కదా, మనం తిరిగి చూడ్డమెందుకు? పరీక్ష పెట్టినాయన దారిలోనే ఆపించి నన్ను దిగమన్నాడు. ఏడుస్తూ ఇంటికొస్తే, ఆదివారం దుకాణాలన్నీ మూసి ఉన్నప్పుడు అత్తయ్య నన్ను ఖాళీ పార్కింగ్ మైదానానికి తీసుకువెళ్లింది. డ్రైవింగ్ స్కూలు వాళ్లకిచ్చిన ఆ చోట గంటలకొద్దీ తిప్పించింది.

"అద్దం చుట్టంలాంటిదే పిల్లా. తనకి కనబడిందే చెబుతుంది. కనబడనిదాన్ని గురించి నోరెత్తదు. మెడ తిప్పు. అరిగిపోతుందా?"

రెండోసారి పాసయ్యాను. కానీ బండ్లు బాణాల్లా దూసుకుపోయే ఇక్కడి హైవే, ఆటోబాన్, అంటే వణుకు పుట్టి, లైసెన్సు పర్సులో దాచుకుని బస్సులోనే తిరిగేదాన్ని.

ప్రయాణానికి మ్యూనిక్ నుంచి వాళ్లమ్మాయి మీరా అక్క వచ్చింది. వస్తూనే గ్యారేజీ గోడకున్న గీతలు చూసింది, కారుకున్న గీతలూ చూసింది, రెండూ సరిపోయాయి. తల్లికి డెబ్బై దాటి చాలా ఏళ్లయింది, ఇక తాళంచెవి ఇచ్చెయ్యమంది. ఇది చిన్న విషయం కాదు. మామయ్య జన్మలో స్టీరింగ్ ముట్టలేదు. ఇల్లేమో గుట్ట మీద ఉంది, రొట్టె కావాలన్నా కిందికి దిగాలి. ఆ తాళంచెవి పోతే వాళ్లిద్దరూ కొండమీది దేవుళ్లలా ఎవరో ఒకరు వచ్చేదాకా కూర్చోవలసిందే. మీరా అక్కకి అది తెలుసు, రాత్రీ పగలూ భయం కూడా ఉంది. అత్తయ్య చాలాసేపు వాదించి చివరికి పందెం కాసింది.

"సరే. దారిలో పాత మోటార్లు చూద్దాం. ట్రాబి విషయంలో నేను పొరబడినా, నాకంటే ముందు ఇంకొకరు అరిచినా, చెవి నీదే."

బయలుదేరేముందు అత్తగారి పద్ధతిలో నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టింది. కిటికీలన్నీ తెరవాలి, మాస్కులు తియ్యకూడదని మీరా అక్క ఆజ్ఞ. ఆ గాలి హోరులో పులిహోర పొట్లాలు ఒళ్లో పెట్టుకుని, అత్తయ్యే తోలుతుండగా బయలుదేరాం. మొదట్లో అత్తయ్యకి ఎదురులేదు. ఇక్కడ ముప్పై ఏళ్లు దాటిన కార్లకి నంబరు చివర హెచ్ అక్షరం ఉంటుంది. ఆ అక్షరం మాకు కనబడేలోపే ఆవిడ కారు పేరు, దాన్ని నడిపిన పాత పేషెంటు పేరు, ఆయన రోగం పేరు కూడా చెప్పేసేది.

సగం దారి దాటాక, రోడ్డు పని జరుగుతున్న చోట ఆవిడ ఒక్క కేక పెట్టింది. "ట్రాబి! అదిగో, నీలంది!"

ముందు సీట్లో కునుకుతున్న మామయ్య కళ్లు పూర్తిగా తెరవకుండానే, "అవునవును, నేనూ చూశాను. లోపల ఒకాయన కూర్చున్నాడు" అన్నాడు.

మీరా అక్క తల బయటికి పెట్టి చూసి, నెమ్మదిగా అంది. "పాపా, దస్ ఇస్ట్ ఐన్ క్లో."

నాన్నా, అది కక్కూసు అని ఆ మాటకి అర్థం. పనివాళ్ల కోసం రోడ్డు పక్కన నిలబెట్టిన నీలం ప్లాస్టిక్ గది అది. లోపల ఒకాయన కూర్చునే ఉండవచ్చు, మామయ్య మాటని పూర్తిగా కొట్టిపారెయ్యలేం. నలుగురం కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వాం. అందరికంటే ఎక్కువ అత్తయ్యే నవ్వింది. తరువాత మెల్లగా, నిదానంగా పోయేవాళ్ల కుడి లేన్‌లోకి వచ్చి ఒక లారీ వెనక చేరింది. ఊరు వచ్చేదాకా ఆ లారీని దాటలేదు. అద్దంలో ఆవిడ కళ్లు చికిలించి చూడడం నాకు కనబడుతూనే ఉంది. పందెం సంగతి మీరా అక్క ఎత్తలేదు. "అది నడిచే బండి కాదు కనక లెక్కలోకి రాదు" అని మామయ్య మాత్రం గొణిగాడు.

ఊళ్లో వాళ్ల పాత ఇల్లు ఉంది. కిటికీల్లో ఎవరివో పూలకుండీలు. ఆవిడ తలుపు తట్టలేదు. చర్చి గోడ పక్కన బెంచీ మీద కూర్చుని, మాస్కులు ఒక చెవికి వేలాడేసుకుని పులిహోర తిన్నాం. వీధిలో మనుషుల్లేరు. అత్తయ్య గోడకి తల ఆనించి కళ్లు మూసుకుంది. అలా కళ్లు మూసుకునే, ఉన్నట్టుండి అరిచింది.

"ట్రాబి!"

రోడ్డు మీద పిల్లి కూడా లేదు. మీరా అక్క తండ్రి వంక చూసింది. ఆయన ఈసారి అబద్ధమాడడానికి కూడా ఏమీ దొరక్క పులిహోరలోకి చూశాడు. అంతలో దూరంగా గులకరాళ్ల చప్పుడు మొదలైంది. ముందు ఆ నీలం పొగ వాసన వచ్చింది, దాని వెనక మలుపు తిరిగి ట్రాబి వచ్చింది. దాన్ని నడుపుతున్న ముసలాయన మాకు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఆ వాసనకి నేను బావురుమన్నాను. రెండేళ్లుగా ఇంటికి వెళ్లలేదు, ఎప్పుడు వెళతానో తెలియదు.

"ఏమైందే?"

"మా నాయిన స్కూటర్ వాసన అత్తమ్మా."

ఆ ఒక్కసారి ఆవిడ నన్ను దిద్దలేదు. ఎంగిలి చెయ్యి దులుపుకుని నా తల నిమిరింది. "నువ్వే గెలిచావు మమ్మా" అంది మీరా అక్క, తన కళ్లలోనూ నీళ్లే. అత్తయ్య లేచి జేబులోంచి తాళంచెవి తీసింది. కూతురికి ఇవ్వలేదు, నా అరచేతిలో పెట్టింది.

"గెలిచింది నా చెవులు, ముక్కు. మోటారు తోలాల్సింది కళ్లతో కదే. పద, ఎక్కు."

"నాకు భయమైతుంది అత్తమ్మా. ఆటోబాన్ మీద నాతోని కాదు."

"నాకు కూడా భయంగానే ఉంది. పొద్దుటి నుంచి దేవుణ్ణి తలుచుకుంటూ తోలాను. నీకు కళ్లున్నాయి, భయం తగ్గుతుంది. నాకిక తగ్గేది కాదు."

తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో మామయ్య ఆంజనేయ దండకం అందుకున్నాడు. నేను లారీని దాటబోయినప్పుడల్లా ఆయన గొంతు పెరిగేది. అత్తయ్య పట్టుబట్టి వెనక కుడివైపు సీట్లో కూర్చుంది. "దాటాక కుడికి వచ్చేముందు మెడ తిప్పితే నేను కనబడాలి. కనబడలేదంటే నువ్వు తిప్పనట్టే" అంది. మొదటి లారీని దాటాను. అద్దం చూశాను, మెడ తిప్పాను. మాస్కు పైనుంచి రెండు కళ్లు నన్నే చూస్తున్నాయి.

"గట్లనే!" అని అరిచింది ఆవిడ. "గట్లనే తిప్పు పిల్లా!"

కాకినాడ వంటింటి తెలుగులోకి ఎక్కిన మొదటి కొత్త మాట మా వరంగల్‌ది. నేను నవ్వాను, మామయ్య దండకం మరచిపోయాడు. ఇంటిదాకా ఎన్నిసార్లు మెడ తిప్పానో, అన్నిసార్లూ ఆవిడ అక్కడే ఉంది.

ఆ తరువాత జీగెన్‌లో ఉన్నన్నాళ్లూ వాళ్లిద్దరినీ నేనే గుట్ట దింపి ఎక్కించాను. చదువయ్యాక ఇక్కడ లైప్‌జిగ్‌లో ఉద్యోగం వచ్చింది. నేను వెళ్లిపోయాక ఆ ఇల్లు మూసి, వాళ్లు మ్యూనిక్‌లో కూతురి దగ్గరికి చేరారు. పోయిన చలికాలం అత్తయ్య పోయింది. ఆవిడ కారుని మీరా అక్క నాకిచ్చేసింది. మామయ్య ఫోన్ చేసినప్పుడల్లా, "ట్రాబి కనబడిందామ్మా?" అని అడుగుతాడు. కనబడకపోయినా కనబడిందనే చెబుతాను. లోపల ఒకాయన కూర్చున్నాడని కూడా చెబుతాను.

మొన్న సిగ్నల్ పచ్చబడగానే ట్రాబి పొగ వదులుతూ నేరుగా వెళ్లిపోయింది. నేను కుడికి తిరగాలి. అద్దం చూశాను, సైకిలు కుర్రాడు అందులో లేడు. మెడ తిప్పాను. వెనక సీటు ఖాళీగా ఉంది. దాని కిటికీలోంచి, నా కారు పక్కనే ముందుకి వస్తున్న ఆ కుర్రాడు కనబడ్డాడు. బ్రేకు మీద కాలుంచి, అతను దాటేదాకా ఆగాను.

"గట్లనే అత్తయ్యగారూ" అన్నాను.