అంబాదాస్ స్కూటర్ మూత

లూమ్ నడిపే అంబాదాస్ తనకంటే పెద్ద మెకానిక్ సోలాపూర్‌ల లేడనుకుంటడు. కార్ఖానా దూది పడకుండ పాత స్కూటర్ పెట్రోల్ మూతకు ప్లాస్టిక్ సంచి చుట్టి, నూలుతోని బిగ్గట్టిండు. అప్పటిసంది బండి నడుస్త నడుస్త ఆగుడే. కార్బురేటర్ నాలుగుసార్లు ఇప్పి కడిగిండు.

ఇయ్యాల కొంతం చౌక్‌ల ఆగింది. వెనుక బీడీల గంపతోని భార్య అనసూయ. పదకొండు దాటితే బీడీ కంపెనీల బీడీలు తీసుకోరు.

"పెట్రోలన్న ఉందా?" అని ఆమె సంచి పీకి మూత తిప్పింది. సుయ్యిమని ట్యాంకు గాలిని లోపలికి గుంజుకున్నది. రెండు కిక్కులకు బండి స్టార్టయింది!

అంబాదాస్ ఆ సంచిని చేతిల పట్టుకొని చూసిండు. "అరే! మూత బొక్క మూసుకపోయి గాలి లేకనే పెట్రోల్ దిగలేదా?"

"దాని గొంతు పిసికింది నువ్వేనయ్యా! నడువు, గేటు మూస్తరు!"

తెరిచిన నోరు మూయకుండనే తోలిండు. గేటు మూయకముందే బీడీలు కంపెనీ లోపలికి పోయినయి.