టీచరు గారి కథ, నా పెట్టె మోత

మా టీచరు గారు పోయారని మంగళవారం పొద్దున ఆవిడ కోడలు ఫోను చేసి చెప్పింది. "నిద్రలోనే పోయారండి. ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు," అంది. ఆ మాటకి కన్నీళ్ళు రావాలి. నాకు ముందు కోపం వచ్చింది. ఎవర్నీ ఇబ్బంది పెట్టకపోవడం ఏంటి, నన్ను పెట్టారు కదా! తాటిపండు పిల్ల కథ నాకు నేర్పకుండా వెళ్ళిపోయారు.

ఆవిడ నాకు చుట్టం కాదు, చదువు చెప్పిన టీచరూ కాదు. రామచంద్రపురం పక్కన మా ఊరి ప్రైమరీ స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. నేను మండలాఫీసులో క్లర్కుని, ఆదివారాలు మా లూథరన్ చర్చిలో హార్మోనియం వాయిస్తాను. పదకొండేళ్ళ కిందట ఓ ఆదివారం ఆరాధన అయ్యాక పెట్టె మూస్తుంటే ఆవిడ గుమ్మంలో నిలబడ్డారు. "తమ్ముడుగారూ, శనివారం సాయంత్రాలు ఖాళీయేనా? పిల్లలకి కథలు చెబుతున్నాను. వెనకాల కాస్త పెట్టె వాయిద్దురుగాని," అన్నారు. మీది గుడి వీధి కదండీ అని నసిగాను. "కథకి వీధేంటండి?" అన్నారు.

అలా మొదలైంది. స్కూలు వరండాలో ఆవిడ చాప మీద, పక్కన నేను, ఎదురుగా పాతిక ముప్ఫై మంది పిల్లలు. మొదలుపెట్టే ముందు కొంగు ముడి విప్పి రెండు మిరియాలు నోట్లో వేసుకునేవారు, గొంతు కోసం. నాకూ రెండు ఇచ్చేవారు. "నేను పాడనుగా అండీ," అంటే, "ఊరికే కూర్చున్నవాడికీ గొంతుంటుంది," అనేవారు. ఆఫీసులో నన్ను పేరు పెట్టి పిలిచే దిక్కు లేని రోజుల్లో ఊళ్ళో పిల్లలకి నేను పెట్టె మాస్టార్ని అయ్యాను. అది ఆవిడ పెట్టిన భిక్షే.

ఆవిడకి ఒకటే నియమం. పిల్లలు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగేది. "మీ ఊ ఆగిందర్రా, పిల్ల ఏటి ఒడ్డునే నిలబడిపోయింది. ఇంక మీ ఇష్టం," అని మిరియం నములుతూ కూర్చునేవారు. పిల్లలు హడలిపోయి అందరూ ఒక్కసారి ఊ అనేవారు. ఇవన్నీ రాసి పెట్టండి మహాప్రభో అని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో. "కాగితం ఊ కొడుతుందా తమ్ముడుగారూ?" అనేవారు. మొండి మనిషి. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

తాటిపండు పిల్ల కథ ఆవిడకి వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. ఇంకెవరి నోటా నేను వినలేదు. ఏడాదికి ఒక్కసారి, వేసవి సెలవలకి ముందు చెప్పేవారు. తాటిపండులో పుట్టిన పిల్లకి పేరుండదు. ఏరు దాటాలి. పేరు చెబితేగానీ ఎక్కించనంటాడు పడవవాడు. ఆ పిల్ల ఏదో చెబుతుంది, పడవ కదులుతుంది.

ఏం చెబుతుందో నాకు తెలియదు. పదకొండేళ్ళు పక్కనే కూర్చున్నవాణ్ణి. నా చెవులెప్పుడూ నా వేళ్ళ మీదే ఉండేవి. ఆవిడ చెయ్యెత్తితే వాయించాలి, దించితే ఆపాలి. పడవ దగ్గర మాత్రం చెయ్యి దించినా నేను ఆపేవాణ్ణి కాదు. అక్కడ నా వాయింపు అద్భుతమని నా నమ్మకం. "పెట్టె కొంచెం తగ్గించండి, పిల్ల గొంతు చిన్నది," అనేవారు. కాసేపు తగ్గించి మళ్ళీ అందుకునేవాణ్ణి. ఆవిడ ఓ నవ్వు నవ్వి సర్దుకుపోయేవారు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

పోయిన వేసవిలో ఆవిడ దగ్గు చూసి భయమేసి, ఆ కథ ఫోనులో రికార్డు చేస్తానన్నాను. "పిల్లలు ఎదురుగా ఉంటే చేసుకోండి," అన్నారు. ఫోను జారిపోకుండా ఉంటుందని నా పెట్టె మీదే నిలబెట్టాను. ఉందిలే అన్న ధీమాతో తర్వాత ఒక్కసారి కూడా విని చూసుకోలేదు.

పెద్దకర్మ భోజనాలయ్యాక ఇంటికొచ్చి ఆ రికార్డు పెట్టి విన్నాను. నా పెట్టె తిత్తి బుసలు, వేళ్ళ కింద మెట్ల టకటకలు, మధ్యమధ్య పిల్లల ఊ. ఆవిడ గొంతు పక్క వీధిలో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంది. పడవ దగ్గర అదీ లేదు, అంతా నేనే. ఆ వాయింపు కూడా ఏమంత గొప్పగా లేదు.

శనివారం స్కూలుకి వెళ్ళి పిల్లల్ని అడిగాను, ఆ పిల్ల ఏం పేరు చెప్పిందర్రా అని. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నాలుగో క్లాసు పిల్ల లేచి, "అక్కడ మీ పెట్టె మోతలో వినపడదండి మాస్టారూ," అంది.

"మరి ఊ అన్నారు కదే?"

"అనకపోతే కథ ఆగిపోద్ది కదండీ."

నేను పెట్టె తెరవలేదు. పిల్లలు అలవాటుగా ఆవిడ చాప పరిచి ఎదురుగా కూర్చున్నారు. కాసేపటికి వెనక వరసలోంచి ఎవరో మెల్లగా, ఊ, అన్నారు.