పాసున్నోడు బండెక్కి రావచ్చు గద

మా అత్తమ్మ కుట్టుమిషన్‌ను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టింది నేనే. కళ్ళకు పొరలు వచ్చి ఆమెకు సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. ఆపరేషన్ అయినా ఇక కుట్టనని తనే తేల్చేసింది. ఆపరేషన్ కోసం కూడబెట్టిన డబ్బంతా నా ఖాతాలోనే ఉంది. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే అన్న గర్వం కూడా కొంత ఉండేది. ఫొటో కింద, మా ఇల్లు కాజీపేట రైల్వే క్వార్టర్ల వెనకే అని మరీ వివరంగా రాశాను.

పావుగంటలో ఫోన్ వచ్చింది. "మేడం, నేను రైల్వేలో గార్డును. కాజీపేటకు ట్రాన్స్‌ఫర్ అయింది. మా ఆవిడకు మిషన్ కావాలి" అన్నాడు. చెప్పిన ధరకే ఒప్పుకున్నాడు. బేరమాడకుండా కొనేవాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు, అక్కడే నాకు వెలగాల్సింది. కానీ మామయ్య రైళ్ళు నడిపినవాడు. రైల్వే అంటే చాలు, మా ఇంట్లో చుట్టం వచ్చినట్టే చాయ్ పొయ్యి మీదికి ఎక్కుతుంది.

"ప్రస్తుతం సికింద్రాబాద్‌లో ఉన్నాను, రాలేను. కోడ్ పంపుతున్నా. స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకు పడుతుంది" అన్నాడు. స్కాన్ చేశాను. నాలుగంకెల పిన్‌లో మూడు కొట్టేశాను కూడా.

పక్కన చిక్కుడుకాయలు తుంచుతూ స్పీకర్‌లో అంతా వింటున్న అత్తమ్మ ఫోన్ గుంజుకుంది.

"ఏం బిడ్డా, రైల్వేల చేస్తానంటివి. పాసుంటది గద, బండెక్కి రారాదు? రెండు గంటల దారి. మిషన్ తొక్కి చూసుకో, జర అన్నం తిని పో."

"డ్యూటీలో ఉన్నానమ్మా."

"ఏ బండి మీద? నంబర్ చెప్పు."

ఫోన్ కట్ అయింది.

అప్పుడు తెరను సరిగ్గా చూశాను. మిషన్ ధరకు పదింతలు, అదీ నేను చెల్లించాల్సినట్టు ఉంది. డబ్బు రావడానికి పిన్ ఎందుకన్న ముక్క చదువుకున్నదానికి తట్టనే లేదు.

"అత్తమ్మా, నీ కండ్ల ఆపరేషన్ పైసలు పోయేటియి" అని ఏడ్చాను.

"పోలే గద. ఫికర్ చెయ్యకు. ఈ చిక్కుళ్ళు తుంచు" అంది.

మూడోనాడు వర్ధన్నపేట నుంచి ఒకామె వచ్చింది. మిషన్ తొక్కి చూసి, చక్రానికి తుప్పుందని, బెల్టు పాతదని గంటసేపు పేచీ పెట్టింది. ఆమె అలా బేరమాడుతుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. నోట్లు చేతిలో పెట్టి, మిషన్ ఆటోలో వేసుకుని పోయింది.

ఆపరేషన్ అయిన మర్నాడు దవాఖానలో కంటి కట్టు విప్పారు. "ఎట్లున్నది అమ్మా, కనవడుతాందా?" అని మా ఆయన అడిగాడు.

అత్తమ్మ ముందు కొడుకును, తర్వాత నన్ను చూసింది. నన్ను కాస్త ఎక్కువసేపే చూసింది.

"మంచిగ కనవడుతాంది. నీ పెండ్లాం హుషారు బిడ్డా, పైసలు జాగ్రత్తగ పట్టుకున్నది" అంది.

నేను తల వంచుకుని ఆమె చెప్పులు సర్దాను. మా ఆయనకు అసలు సంగతి తెలిసేది ఇది చదివాకే.